ఆరేళ్లుగా తింటున్న నల్ల నూడుల్స్: దేజాన్‌లో మా వీధి చుంగుక్‌జిప్

దక్షిణ కొరియాలోని దేజాన్‌కు పీహెచ్‌డీ కోసం నేను వచ్చింది 2019 ఆగస్టులో. వచ్చిన రెండో వారంలో ల్యాబ్ సీనియర్ ఒకాయన తీసుకెళ్లిన హోటల్‌కి ఇప్పటికీ దాదాపు ప్రతి వారం వెళ్తున్నాను. సెలవులకు ఇంటికి వెళ్లిన రోజులూ, కోవిడ్ రోజులూ తీసేసినా రెండు వందల సార్లకు పైనే అక్కడ తిని ఉంటాను. కొత్తగా వచ్చే మన పిల్లలు "ఇక్కడ చవగ్గా ఏం దొరుకుతుంది?" అని అడిగినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా చెప్పేదంతా ఒకసారి వివరంగా రాద్దామని కూర్చున్నాను. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ హోటల్లో తినాల్సింది కాన్‌జ్జాజాంగ్ అనే నల్ల సాస్ నూడుల్స్. అదీ అక్కడే కూర్చుని తినాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

చుంగుక్‌జిప్ అంటే "చైనా ఇల్లు". కొరియాలో వీధికొకటి చొప్పున కనిపించే చవక చైనీస్ హోటల్‌ని జనం పిలుచుకునే పేరు అది. చైనీస్ అనగానే మనకు గుర్తొచ్చే హక్కా నూడుల్స్, గోబీ మంచూరియా అక్కడ దొరకవు. అలాగని చైనాలో తినే తిండి కూడా కాదు. మా ల్యాబ్‌లో చైనా అమ్మాయి ఈ నల్ల నూడుల్స్ మొదటిసారి తిని, "మా ఇంట్లో చేసేది ఉప్పగా ఉంటుంది, ఇంత తియ్యగా, ఇంత నల్లగా ఉండదు" అంది. మంచూరియా మన దేశపు చైనీస్ అయినట్టే, జాజాంగ్‌మ్యొన్ అనే ఈ నల్ల నూడుల్స్ కొరియా వాళ్ల చైనీస్. 1883లో ఇంచన్ రేవు తెరిచాక చైనాలోని షాన్‌డాంగ్ ప్రాంతం నుంచి వచ్చిన కూలీలు, వ్యాపారులు వెంట తెచ్చుకున్న నూడుల్స్ ఇవి. తర్వాత్తర్వాత సాస్‌కి వాడే చున్‌జాంగ్ అనే పులియబెట్టిన సోయా ముద్దలో క్యారమెల్ చేరింది, ఉల్లిపాయలు పెరిగాయి, తీపి పెరిగింది. 1960, 70 దశకాల్లో బియ్యం ఆదా చేయడానికి ప్రభుత్వం గోధుమపిండి వంటలను గట్టిగా ప్రోత్సహించడంతో ఇది ఇంటింటి తిండి అయిపోయింది. ఇంచన్ చైనాటౌన్‌లో 2012లో దీనికోసం ఒక మ్యూజియమే తెరిచారు. ఒకప్పటి పేరున్న చైనీస్ హోటల్ కొంగ్‌హ్వాచున్ పాత భవనంలోనే ఉంది. అటు వెళ్తే తప్పకుండా చూడండి.

ఇక మా హోటల్ సంగతి. ఎనిమిది టేబుళ్లు. వంటగదికీ హాలుకీ మధ్య ఒక కిటికీ. లోపల భర్త వండుతారు, బయట భార్య వడ్డిస్తారు, డబ్బులు తీసుకుంటారు. ఆమెను అందరూ "ఇమో" అని పిలుస్తారు. ఇమో అంటే అమ్మ చెల్లెలో, అక్కో, అంటే మన పిన్నో పెద్దమ్మో. హోటల్లో వడ్డించే పెద్దామెను "పిన్నీ, ఇంకొంచెం ఉల్లిపాయ" అని అడగడం నాకు మొదటి రోజు నుంచే ఇంట్లో ఉన్నట్టు అనిపించింది. ఆమె నన్ను "హక్‌సెంగ్" అంటారు, అంటే స్టూడెంట్ అని. పీహెచ్‌డీ అయిపోయి ఉద్యోగంలో చేరి ఏడాది దాటినా నేను ఆమెకు హక్‌సెంగ్‌నే.

కూర్చోగానే అడక్కుండా మూడు వస్తాయి: పసుపు రంగు ముల్లంగి ఊరగాయ, దాన్ని దన్‌ముజి అంటారు. పచ్చి ఉల్లిపాయ ముక్కలు. ఉల్లిపాయ అద్దుకోవడానికి చిన్న గిన్నెలో చున్‌జాంగ్. పెరుగన్నంలో ఉల్లిపాయ నంజుకునే మనకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. టేబుల్ మీద వెనిగర్ సీసా ఉంటుంది, దన్‌ముజి మీద నాలుగు చుక్కలు చల్లుకుంటే రుచి మారిపోతుంది. మంచినీళ్లు మనమే తెచ్చుకోవాలి. ఎర్రటి మిరప్పొడి డబ్బా కూడా ఉంటుంది. గుంటూరు కారం అలవాటైన నాలుకకు అందులో రంగే కానీ ఘాటు తెలియదు, అయినా సగం తిన్నాక పైన చల్లుకుంటే నల్ల సాస్ తీపికి బాగా విరుగుడు.

మెనూలో జాజాంగ్‌మ్యొన్ అనీ, కాన్‌జ్జాజాంగ్ అనీ రెండు ఉంటాయి. కొత్తవాళ్లు ధర తక్కువని మొదటిది చెప్తారు. తేడా తెలుసుకుని చెప్పండి. మామూలు జాజాంగ్ సాస్ పొద్దున్నే పెద్ద గిన్నెలో వండి పెట్టేస్తారు. అందులో పిండి కలిపిన నీళ్లు పోసి చిక్కబరుస్తారు, ఆర్డర్ రాగానే నూడుల్స్ మీద ఒక గరిటె పోసి ఇచ్చేస్తారు. రెండు నిమిషాల పని. కాన్‌జ్జాజాంగ్‌లో నీళ్లు పోయరు, పిండి కలపరు. మనం చెప్పాకే పొయ్యి మీద పెడతారు.

కిటికీ పక్క టేబుల్ ఖాళీగా ఉంటే నేను అక్కడే కూర్చుంటాను. ఎన్నిసార్లు చూసినా చూడాలనిపించే పని అది. బాగా కాలిన మూకుట్లో పంది కొవ్వు వేస్తారు. అది కరగగానే అల్లం, చిన్న ముక్కలుగా తరిగిన పంది మాంసం. ఆ వెంటనే గుప్పెళ్ల కొద్దీ ఉల్లిపాయ, క్యాబేజీ, జుకీని ముక్కలు. ఉల్లిపాయల్ని బొటనవేలి గోరంత చదరాలుగా తరుగుతారు, సన్నగా తరిగితే నీరు వదిలేస్తాయట. మంట మూకుడు అంచు దాటి లోపలికి దూకుతుంది. ఆయన ఎడం చేత్తో మూకుడు విసురుతూనే కుడి చేత్తో ముందే నూనెలో వేయించి పెట్టుకున్న చున్‌జాంగ్ ఒక గరిటె, పంచదార ఒక చెంచా వేస్తారు. ఆ క్షణంలో వచ్చే వాసన హాలంతా కమ్ముకుంటుంది: మాడకుండా మాడిన ఉల్లిపాయ వాసన. దాన్నే ఇక్కడి వాళ్లు బుల్‌మత్, అంటే "నిప్పు రుచి" అంటారు. మొత్తం మూడు, నాలుగు నిమిషాలు. పక్క పొయ్యి మీద ఉడికిన నూడుల్స్‌ని చన్నీళ్లలో రెండు చేతులా రుద్ది కడిగి, మళ్లీ ఒక్క మునక వేడినీళ్లలో ముంచి గిన్నెలో వేస్తారు. సాగుడు ఆ కడగడం వల్లే వస్తుందని ఆయన ఒకసారి చెప్పారు.

నూడుల్స్ ఒక గిన్నెలో, సాస్ ఇంకో గిన్నెలో వస్తాయి. నూడుల్స్ మీద సన్నగా తరిగిన దోసకాయ. బుసాన్ వైపు అయితే అంచులు కరకరలాడే గుడ్డు కూడా వేస్తారు, ఇక్కడ వెయ్యరు. అదొక్కటే నాకు లోటు. సాస్ మొత్తం ఒకేసారి పోసి, రెండు చేతుల్లో చెరో చాప్‌స్టిక్ పట్టుకుని కింది నుంచి పైకి కలపాలి. ఓపిగ్గా, ఒక్క తెల్ల పోగు కూడా కనిపించనంత వరకు. చేత్తో పప్పన్నం కలుపుకుని పెరిగిన వాళ్లం కదా, కలపడంలోనే సగం రుచి ఉందని మనకు వేరే చెప్పాలా! ఇందులో సాస్ నూడుల్స్‌కి అంటుకుంటుంది కానీ అడుగున నిలవదు. ఉల్లిపాయ ఇంకా కొంచెం కరకరమంటుంది. మొదటి ముద్దలో ఉప్పు, రెండో ముద్దలో తీపి, ఆ వెనకే కాస్త చేదు తెలుస్తాయి. పది నిమిషాల్లో గిన్నె ఖాళీ చేయాలి. ఆ తర్వాత నూడుల్స్ ఉబ్బిపోతాయి, రుచి దిగిపోతుంది.

అందుకే పార్సిల్ వద్దంటున్నాను. కొరియాలో ఇల్లు మారిన రోజు జాజాంగ్ తెప్పించుకోవడం ఆచారం లాంటిది. వంట సామాను అట్టపెట్టెల్లో ఉంటుంది కాబట్టి ఫోన్ చేస్తే ఎక్కడికైనా వచ్చే తిండి అదే. 2021లో నేను గది మారినప్పుడు సాయం చేసిన ముగ్గురు స్నేహితులతో కలిసి నేల మీద పేపర్లు పరిచి అదే తిన్నాం. ఇరవై ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ప్లాస్టిక్ కవర్ చింపేసరికి నూడుల్స్ అన్నీ ఒకే ముద్ద. కత్తెరతో నాలుగు ముక్కలు చేసి పంచుకున్నాం. ఆ రోజు అలసటకి బాగానే దిగింది కానీ హోటల్లో తిన్న దానికి అది నీడ కూడా కాదు. నేను వచ్చిన కొత్తలో పార్సిల్ కూడా మామూలు గిన్నెల్లోనే పంపేవాళ్లు. తినేసి తలుపు బయట పెడితే మర్నాడు వచ్చి పట్టుకెళ్లేవాళ్లు. ఇప్పుడు అంతా ప్లాస్టిక్ డబ్బాలే.

జాంపోంగ్ గురించి నిజాయితీగా చెప్పాలంటే, ఇక్కడ అది రోజునిబట్టి ఉంటుంది. ఎర్రటి కారం పులుసులో స్క్విడ్, ఆల్చిప్పలు, కూరగాయలు, నూడుల్స్. చలికాలం రాత్రి దేజాన్‌లో సున్నా కంటే పది డిగ్రీలు కిందికి పడిపోయినప్పుడు ఆ ఆవిరి ముఖానికి తగిలితే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది. జలుబు చేస్తే నేను మిరియాల చారుకి బదులు దీన్నే వెతుక్కుంటాను. కానీ మధ్యాహ్నం రద్దీలో కూరగాయలు సరిగ్గా వేగకుండానే పులుసు పోసేస్తారు, అప్పుడు ఉత్త కారం నీళ్లు తాగినట్టుంటుంది. రెండుసార్లు ఆల్చిప్పల్లో ఇసుక తగిలింది. రెండోసారి చెప్తే ఇమో చాలా బాధపడి వేరే గిన్నె చేయించి తెచ్చారు. అయినా నేను జాంపోంగ్ రాత్రి ఏడు దాటాకే చెప్తాను. రెండూ కావాలనిపించే వాళ్లకు మధ్యలో గోడ ఉన్న గిన్నెలో సగం అదీ సగం ఇదీ ఇస్తారు, దాని పేరు జామ్‌జామ్యొన్. అందులో వచ్చేది మామూలు జాజాంగే, కాబట్టి నాకు అంతగా నచ్చదు.

నలుగురు వెళ్తే తాంగ్సుయుక్ చిన్న ప్లేటు ఒకటి చెప్పుకోవచ్చు. పంది మాంసం ముక్కల్ని పిండిలో ముంచి వేయించి, పుల్లగా తియ్యగా ఉండే సాస్‌తో ఇస్తారు. సాస్ పైన పోసేయాలా, ముక్కని అద్దుకోవాలా అని కొరియా వాళ్లు సీరియస్‌గా వాదించుకుంటారు. నా ఓటు అద్దుకోవడానికే. సాస్ విడిగా ఇమ్మని ముందే చెప్పండి, లేకపోతే పోసేసి తెస్తారు.

ఇప్పుడు శాకాహారులకి ఒక హెచ్చరిక. ఇది నేను చేసిన పొరపాటు నుంచి రాస్తున్నది. 2022లో మన విజయవాడ అమ్మాయి ఒకరు కొత్తగా వచ్చారు, మాంసం ముట్టరు. "మాంసం తీసేసి ఇవ్వండి" అని నేనే కొరియన్‌లో చెప్పి మామూలు జాజాంగ్ తెప్పించాను. మాంసం ముక్కలు లేవు. సగం తిన్నాక అనుమానం వచ్చి అడిగితే, గిన్నెలో వండిన సాస్ నుంచి ముక్కలు ఏరేసి ఇచ్చామని మామూలుగానే చెప్పారు. సాస్ వండిందే పంది కొవ్వులో. ఆ అమ్మాయి ఏమీ అనలేదు, చాప్‌స్టిక్స్ పక్కన పెట్టి నీళ్లు తాగి కూర్చుంది. ఆ ముఖం గుర్తొస్తే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. వాళ్లు ముందే చెప్పాల్సింది, నేను ముందే అడగాల్సింది. తర్వాత వండే ఆయనతో మాట్లాడి తెలుసుకున్నదేమిటంటే, కాన్‌జ్జాజాంగ్ అప్పటికప్పుడు చేసేది కాబట్టి మాంసం లేకుండా మామూలు నూనెలో చేయించుకోవచ్చు. కానీ అదే మూకుడు, అదే గరిటె. చున్‌జాంగ్ కూడా ముందే కొవ్వులో వేయించి ఉండొచ్చు. పట్టింపు ఉన్నవాళ్లు ఈ హోటల్‌కి రాకపోవడమే మంచిది. పంది తినని ముస్లిం మిత్రులకూ ఇదే మాట. జాంపోంగ్‌లో పైకి స్క్విడ్, ఆల్చిప్పలే కనిపించినా పులుసు అడుగున మాంసం ఉంటుంది.

ధరల విషయం. నేను వచ్చినప్పుడు మామూలు జాజాంగ్ 5,000 వోన్, కాన్‌జ్జాజాంగ్ 6,000, జాంపోంగ్ 6,500. ఇప్పుడు వరసగా 7,000, 8,500, 9,000. గోడ మీద బోర్డు అదే, అంకెల మీద తెల్ల స్టిక్కర్లు అతికిస్తూ పోయారు. ఒకచోట మూడు స్టిక్కర్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. 7,000 వోన్ అంటే మన లెక్కలో 400 రూపాయల పైచిలుకు. ఇంటి దగ్గర వాళ్లకి చెప్తే గుండె పట్టుకుంటారు కానీ, ఇక్కడ బయట కూర్చుని భోంచేస్తే చాలాచోట్ల 10,000 వోన్‌కి తగ్గడం లేదు. ఇంకో 1,000 వోన్ ఇస్తే కొప్పెగి, అంటే నూడుల్స్ ఎక్కువ వేసిన పెద్ద గిన్నె వస్తుంది. ఆకలి మీదున్న కుర్రాళ్లకి అదే లాభం. ధర పెరిగినా గిన్నెలో మాంసం తగ్గలేదు, ఉల్లిపాయ తగ్గలేదు. పండగలకి ఇంటికి వెళ్లని స్టూడెంట్లకి వేయించిన కజ్జికాయల్లాంటి కున్‌మందు నాలుగు ఊరికే పెడతారు. అది ఇప్పటికీ మానలేదు.

తగ్గిందల్లా ఆయన చేతి బలం. మొదట్లో పిండి బల్ల మీద ఎత్తి కొట్టి, సాగదీసి చేత్తోనే పోగులు చేసేవాళ్లు, ఆ ధడ్ ధడ్ శబ్దం వీధిలోకి వినిపించేది. భుజం నొప్పితో 2023 నుంచి మిషన్ పెట్టారు. చేతి నూడుల్స్‌లో ఒక పోగు లావు, ఒక పోగు సన్నం ఉండేవి, ఆ నమలడంలో వేరే ఆనందం ఉండేది. ఇప్పుడన్నీ ఒకేలా ఉంటున్నాయి. సాస్ మాత్రం మారలేదు. నాకు చేతి నూడుల్సే ఇష్టం, కానీ ఆయన భుజం బాగుండి పొయ్యి దగ్గర నిలబడటం అంతకంటే ముఖ్యం.

వెళ్లాలనుకుంటే పన్నెండుకి ముందు, లేదా ఒకటిన్నర దాటాక వెళ్లండి. మూడు నుంచి అయిదు దాకా వంట ఆపేస్తారు, ఆదివారం సెలవు. ఏప్రిల్ 14న మాత్రం మధ్యాహ్నం వెళ్లకండి. ఆ రోజు జోడీ లేని కుర్రకారు నల్ల నూడుల్స్ తినడం ఇక్కడ సరదా, వీధి దాకా క్యూ ఉంటుంది. పేరు ఎలా పలకాలో అని టెన్షన్ పడకండి. "జాజాంగ్" అన్నా, నొక్కి "జ్జాజాంగ్" అన్నా రెండూ ఒప్పే. జనం నొక్కి పలుకుతుంటే పుస్తకాలు ఒప్పుకోలేదు, 2011లో ప్రభుత్వ భాషా సంస్థ రెండో దాన్నీ ప్రామాణికంగా గుర్తించింది.

వచ్చే శుక్రవారం కొత్త బ్యాచ్‌లో వచ్చిన ఇద్దరు వరంగల్ కుర్రాళ్లని తీసుకెళ్తున్నాను. కిటికీ పక్క టేబుల్ ఉంచమని ఇమోకి చెప్పాను. రెండు కాన్‌జ్జాజాంగ్, ఒకటి కొప్పెగి, తాంగ్సుయుక్ సాస్ విడిగా. "హక్‌సెంగ్, ఈసారి వచ్చేవాళ్లు మాంసం తింటారా?" అని ఆమే ముందు అడిగారు.