చేత్తో చెక్కిన ల్యూరుకు బతికున్న ఎర తగిలిస్తే చేపలు ఎక్కువ పడతాయా? నాలుగేళ్ల వాడకం తర్వాత

కృష్ణా నది మీద ఇబ్రహీంపట్నం పరిసరాల్లోనూ, చుట్టుపక్కల చెరువుల్లోనూ నాలుగేళ్లుగా నేను సొంతంగా చేసుకున్న ల్యూర్లతోనే, అంటే చేపను ఆకర్షించే బొమ్మ ఎరలతోనే, చేపలు పడుతున్నాను. గట్టు మీద నా పక్కన కూర్చున్న పెద్దలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒక్కటే: "ఆ కొయ్య చేపకు ఒక ఎర్రను కూడా గుచ్చకూడదటయ్యా?" మా వైపు వానపామును ఎర్ర అంటారు. నేను చూసినంతలో, అడుగున నెమ్మదిగా కదిలే ల్యూరుకు బతికున్న ఎర నిజంగానే కలిసివచ్చింది. ఊగుతూ ఈదే కొయ్య చేపకు చెరుపు చేసింది. నీటి మీద తేలే కప్ప బొమ్మకు దానివల్ల ఏ తేడా రాలేదు.

నా ల్యూర్లు మూడు రకాలు. మొదటిది బొటనవేలంత కొయ్య చేప. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్ల పొణికి కర్ర ముక్కలతో దీన్ని చేస్తాను. ఆ కర్ర చాలా తేలికైనది, చాకుకు మెత్తగా తెగుతుంది, అయితే నీటిని త్వరగా పీల్చుకుంటుంది కనుక వార్నిషు నాలుగైదు పూతలు వేయక తప్పదు. బొమ్మల అతుకులకు వాడే చింతగింజల మక్కును మొదట్లో నేనూ వాడి చూశాను, కానీ అది నీటిలో నిలవలేదు. రెండవది జీలుగు బెండుతో చేసిన కప్ప. మూడవది సీసపు గుండుకు కొక్కెం బిగించి, ముందు భాగాన పాత చెంచా నుంచి కత్తిరించిన రేకు తిరిగేలా అమర్చినది. ఈ మూడవదాన్ని ఇక మీదట గుండు ల్యూరు అంటాను.

పోలిక న్యాయంగా ఉండాలని ప్రతి రకంలోనూ ఒకే బరువు, ఒకే రంగు ఉన్న జత ల్యూర్లను ఉంచుకున్నాను. ఒకదానికి ఎర తగిలించి పదిసార్లు, రెండవదాన్ని ఉత్తగానే పదిసార్లు, అదే చోట విసిరి, చేప తగిలిందా, గాలానికి నిలిచిందా, జారిపోయిందా అన్నది అక్కడికక్కడే నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఒక్క రోజు లెక్కను నేను నమ్మను, ఎందుకంటే చేపలు కదిలే సమయం వచ్చినప్పుడు ఏది విసిరినా పడతాయి.

కొయ్య చేప విషయం మొదటి వారంలోనే తేలిపోయింది. దాని ప్రాణమంతా మూతి కింద పెదవిలా అమర్చిన రేకు వల్ల వచ్చే ఊపులో ఉంది. లాగినప్పుడు నీటి ఒత్తిడికి అది కుడికీ ఎడమకీ ఊగుతుంది, ఆ ఊపు నుంచి పుట్టే కదలికలను చేప తన ఒంటికి రెండు పక్కలా సాగే పార్శ్వరేఖ అనే ఇంద్రియంతో పసిగడుతుంది. పన్నెండు గ్రాముల బొమ్మ తోకకు వానపాము వేలాడితే తోక కిందికి దిగుతుంది, ఊపు మొద్దుబారుతుంది, అది ఈదుతున్న చేపలా కాక నీటిలో ఈడ్చుకువస్తున్న పుల్లలా కనబడుతుంది. బొమ్మ కడుపులో బరువు కోసం పెట్టిన సీసపు ముక్కను కొంచెం ముందుకు జరిపి చూసినా ఊపు సగమే తిరిగి వచ్చింది. పైగా వేగంగా సాగిపోయే ల్యూరు వాసన నీటిలో పరుచుకొని చేపను చేరేలోపే ల్యూరు గజాల దూరం దాటిపోతుంది కనుక, వానపాము వల్ల కలగవలసిన లాభం కూడా దక్కదు.

కప్ప బొమ్మను నేను కొర్రమీను కోసమే వాడతాను. గుర్రపుడెక్కకూ తూటికాడలకూ మధ్య ఉన్న సందుల్లో అది టపటపమని కదలగానే కింద మాటు వేసిన కొర్రమీను దాన్ని చూసి, ఆ అలజడిని గుర్తించి, ఒక్కసారిగా పైకి లేచి కొడుతుంది. వాసన చూసి నిర్ణయించుకునే తీరిక దానికి ఉండదు. రొయ్య తగిలించిన కప్పనూ ఉత్త కప్పనూ అది ఒకే రకంగా కొట్టింది. ఇక్కడ ఒక మనవి: వర్షాకాలంలో ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద మసలుతూ ఉంటే, దాని కిందే తల్లో తండ్రో కాపలా ఉంటుంది. ఆ చేపను పట్టేస్తే పిల్లలన్నీ ఇతర చేపల పాలవుతాయి కనుక, అలాంటి చోట గాలం వేయవద్దని ప్రతి ఒక్కరినీ వేడుకుంటున్నాను.

ఎర తన విలువను చూపించింది గుండు ల్యూరు దగ్గర. జెల్లలూ వాలుగలూ కంటితో కంటే మీసాలతోనూ రుచితోనూ ఆహారాన్ని వెతుక్కునే చేపలు. ఈ జాతి చేపలకు రుచి మొగ్గలు నోటిలోనే కాక మీసాల మీద, ఒంటి మీద కూడా ఉంటాయి. సీసం బరువుకు అడుగుకు చేరి, చిన్నగా ఎగిరి, మళ్లీ కుదురుగా ఆగే ల్యూరు వాటికి వాసన పట్టే వ్యవధిని ఇస్తుంది. ఉత్త రేకు మెరుపుకు జెల్ల దగ్గరికి వచ్చి ముట్టి వదిలేసేది, అదే వానపాము ముక్క ఉంటే వదలకుండా నమిలేది. పట్టిసీమ ఎత్తిపోతల నుంచి విడిచిన గోదావరి నీరు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిసే రోజుల్లో నీరు బురద రంగుకు తిరుగుతుంది. అప్పుడు ఈ తేడా మరింత స్పష్టంగా కనబడింది, ఎందుకంటే ఆ నీటిలో చేపకు జానెడు దూరం కూడా సరిగా కనిపించదు. నీరు తేటపడ్డాక పగటి పూట ఆ తేడా చాలావరకు తగ్గిపోయింది, చీకటి పడ్డాక మళ్లీ కనిపించింది.

అయితే ఎర ఎంత గుచ్చాలన్నది నేను ఒక పెద్ద వాలుగను పోగొట్టుకొని నేర్చుకున్నాను. ఆ సాయంత్రం రెండు లావుపాటి వానపాములను కొక్కెం నిండా దట్టించాను. వాలుగ గట్టిగా పట్టింది, కర్ర వంగింది, రెండు నిమిషాల తర్వాత దారం వదులైపోయింది. పైకి తీసి చూస్తే కొక్కెం మొన ఎర ముద్దలో పూర్తిగా కూరుకుపోయి ఉంది, చేప దవడలో అది దిగనే లేదు. అప్పటి నుంచి అంగుళం ముక్కను ఒక్క చోట మాత్రమే గుచ్చి, తోక స్వేచ్ఛగా ఆడేలా వదిలి, మొననూ కొక్కెం వంపునూ ఖాళీగా ఉంచుతున్నాను.

ఎర వల్ల వచ్చే చిక్కులు కూడా తక్కువేమీ కాదు. విసిరే ఊపుకు వానపాము నాలుగైదు సార్లకే చచ్చి తెగిపోతుంది కనుక బతికున్న ఎర అనే మాట కాసేపటికే నిజం కాకుండా పోతుంది. చిన్న రొయ్య ఇంకొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది. పరిగెల వంటి చిన్న చేపలు ఎరను గిల్లుకుపోతాయి. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది, ఎర ఉన్నప్పుడు చేపలు కొక్కేన్ని లోతుగా మింగడం. ఉత్త ల్యూరుకు చేప పెదవి దగ్గరే గాలం తగులుతుంది, పిల్ల చేపలను క్షేమంగా నీటిలో వదలవచ్చు. ఎర మింగిన పిల్లకు మాత్రం గొంతులో గాయమవుతుంది. అందుకే ఎర వాడేటప్పుడు మూడు కొక్కేల గాలాన్ని తీసేసి, ముల్లు నొక్కేసిన ఒంటి కొక్కేన్నే పెడుతున్నాను. బతికున్న చిన్న చేపలను ఎరగా పెట్టడం పూర్తిగా మానేశాను, ఒక నీటిలోని చేపలను మరో చెరువులోకి మోసుకుపోవడం కూడా నాకు సమ్మతం కాదు. మరొక సంగతి, గ్రామాల్లో చాలా చెరువులు మత్స్యకార సహకార సంఘాల చేతిలో ఉంటాయి కనుక గాలం వేసే ముందు వారిని అడగడం మర్యాద.

ఇప్పుడు నా పెట్టెలో కొయ్య చేపలూ కప్పలూ ఎర లేకుండానే ఉంటాయి, గుండు ల్యూరుకు మాత్రం తడి మట్టిలో ఉంచిన వానపాముల డబ్బా తోడుగా వస్తుంది. ఎర ముక్క కొక్కెం మొన వైపు జారకుండా, గుండు వెనకే సన్నని ఇత్తడి తీగను చుట్టి దానికే ఎరను గుచ్చే కొత్త నమూనా ఒకటి తయారుచేశాను. దాని వార్నిషు ఇంకా ఆరుతోంది, ఈసారి వరద నీరు రాగానే ఉత్త జతతో కలిపి పది పది విసుర్లు వేసి చూస్తాను.