విప్పకుండానే ప్రెస్ కాలమ్‌కు కొత్త మరలు: ఒక ఆన్‌సైట్ థ్రెడింగ్ సేవపై సమీక్ష

నాలుగు కాలమ్‌ల హైడ్రాలిక్ ప్రెస్‌లో పై నట్ వదులైతే, ప్రెస్ ఒత్తిన ప్రతిసారీ నట్ మరలు కాలమ్ మరలను కొంచెం కొంచెంగా నలిపేస్తాయి. హైదరాబాద్ బాలానగర్‌లోని మా షెడ్డులో ఒక కాలమ్‌కు ఇదే జరిగింది. దాని మర ఎం160 (బయటి వ్యాసం 160 మి.మీ.), పిచ్ (పక్కపక్క చుట్ల మధ్య దూరం) 6 మి.మీ. నట్‌ను చీల్చి తీసి చూస్తే, కింది చుట్లు దాదాపు పూర్తిగా కొట్టుకుపోయి ఉన్నాయి. నట్ మోసే బరువులో సుమారు మూడో వంతు మొదటి చుట్టు మీదే పడుతుంది కాబట్టి, పైన మరలు బాగున్నా కింది చుట్లు పోయాక ఆ కాలమ్‌ను నమ్మడానికి వీల్లేదు. కాలమ్‌ను బయటికి తీయాలంటే క్రౌన్‌ను, అంటే కాలమ్‌ల పైకొసన ఉండే ప్రెస్ పై దిమ్మెను, క్రేన్‌తో ఎత్తాలి, పొడవాటి లేత్ ఉన్న వర్క్‌షాప్‌కు పంపాలి, తిరిగి బిగించాక నాలుగు కాలమ్‌ల సమాంతరతను మళ్లీ మొదటి నుంచి సరిచూసుకోవాలి. అందుకే ప్రెస్ ఉన్నచోటికే వచ్చి మరలు కోసే బృందాన్ని పిలిపించాం.

వారు తెచ్చిన యంత్రంలో కాలమ్ కదలదు, టూల్ ఉన్న తలే కాలమ్ చుట్టూ తిరుగుతుంది. ఒక్కో చుట్టుకు టూల్ ఎంత జరగాలో యంత్రంలోని లీడ్ స్క్రూ నిర్ణయిస్తుంది. లేత్ మీద జరిగే పని ఇక్కడ తలకిందులుగా జరుగుతుందని అర్థం చేసుకుంటే చాలు. కోతకన్నా నన్ను ఎక్కువగా మెప్పించింది కోతకు ముందు వారు చూపిన ఓపిక. నలిగిన మరల శిఖరాలను ఆధారంగా తీసుకుంటే కొత్త మర కాలమ్ అక్షానికి పక్కకు జరిగిపోతుంది. అప్పుడు నట్ ఒకవైపే ఆని, కాలమ్‌ను వంచే బలం పుడుతుంది. అందువల్ల వారు పాత మరలను పక్కనపెట్టి, కాలమ్ కొసన తయారీనాటి సెంటర్ రంధ్రాన్నీ, మందపాటి వాషర్ తీశాక బయటపడిన నున్నని మెడనూ ఆధారంగా తీసుకుని, డయల్ ఇండికేటర్ (అతి చిన్న తేడానూ ముల్లుతో చూపే కొలత పరికరం) ముల్లు నిలకడగా ఉండేదాకా యంత్రాన్ని సర్దారు. ఇలాంటి సేవను ఎంచుకునేవారు ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదే: మీరు దేనిని ఆధారం చేసుకుని సెంటర్ చేస్తారు? సూటిగా సమాధానం రాకపోతే, ధర ఎంత తక్కువైనా ఆ బృందాన్ని పిలవవద్దు.

నలిగిన చోట వెల్డింగ్‌తో లోహం నింపి ఎం160గానే కోయవచ్చని అంతకుముందు మరొకరు సలహా ఇచ్చారు. మా కాలమ్ ఈఎన్8 ఉక్కు. అందులో కార్బన్ సుమారు 0.4 శాతం ఉంటుంది కాబట్టి, సరైన ప్రీహీట్ (ముందుగా వేడిచేయడం) లేకుండా వెల్డ్ చేస్తే ఆ పక్క లోహం పెళుసవుతుంది, మర అడుగునే పగులు మొదలవుతుంది. ఈ బృందం ఆ దారిని తామే వద్దని చెప్పి, పాత మరలను పూర్తిగా తీసేసి ఎం150, 6 మి.మీ. పిచ్‌కు దిగుదామని ప్రతిపాదించింది. పాత మర అడుగు వ్యాసం 152.64 మి.మీ. కాబట్టి 150కి టర్న్ చేస్తే పాత గాట్ల జాడే మిగలదు. అయితే ఇది ఉచితంగా వచ్చే లాభం కాదు. బలాన్ని మోసే విస్తీర్ణం సుమారు 18,700 చదరపు మి.మీ. నుంచి 16,400కి, అంటే ఎనిమిదో వంతు మేర తగ్గుతుంది. ఆ లెక్కను మా ముందే వేసి చూపించి, ప్రెస్ గరిష్ఠ పీడనాన్ని అదే నిష్పత్తిలో తగ్గించమని రాతపూర్వకంగా చెప్పడం వారి నిజాయితీకి గుర్తు. మా పనికి పూర్తి టన్నేజీ (ప్రెస్ ఒత్తగల గరిష్ఠ బలం) అవసరం పడదు కనుక ఒప్పుకున్నాం. పూర్తి టన్నేజీతో నడిచే ప్రెస్ అయితే కాలమ్ మార్చడమే మంచిది.

పనికి ముందు పీడనం సున్నా చేసి, మోటారు స్విచ్‌కు తాళం వేశారు. క్రౌన్ తన బరువుతో కింది నట్‌ల మీదే కూర్చుంటుంది కాబట్టి ఒక పై నట్ తీసినంత మాత్రాన అది జరగదు. ముందుగా మెడ దగ్గర గుండ్రని అంచులతో గాడి తీసి, టూల్‌ను అందులోకి దింపి, అక్కడి నుంచి పైకి కోసుకుంటూ వచ్చారు. ఈ పద్ధతిలో ప్రతి కోత చివరా టూల్ ఖాళీలోకి వెళ్తుంది కాబట్టి క్రౌన్‌కు తగిలే ప్రమాదం లేదు. 3.68 మి.మీ. లోతును తొందరపడకుండా పలుచని కోతలతోనే పూర్తి చేశారు. మర పక్కలు లేత్ మీద కోసినంత నునుపుగా వచ్చాయి.

కొలతల విషయంలో మాత్రం పూర్తి మార్కులు ఇవ్వలేను. కొత్త నట్ చేత్తో తిరిగితే చాలన్నది వారి మొదటి మాట. నట్ తిరిగినంత మాత్రాన మర సరైన పరిమాణంలో ఉందని కాదు, వదులుగా కోసిన మర మీద కూడా నట్ హాయిగానే తిరుగుతుంది. మేము పట్టుబట్టాకే మూడు తీగల పద్ధతిలో, అంటే మర గాడుల్లో సన్నని తీగలు పెట్టి వాటి మీదుగా, కొలిచారు. 3.464 మి.మీ. తీగలతో ఈ మరకు ప్రాథమిక కొలత 151.30 మి.మీ. రావాలి, నట్‌కు కొంచెం ఖాళీ వదిలే 6జి తరగతికైతే అంతకన్నా కనీసం 0.08 మి.మీ. తక్కువ ఉండాలి. ఫలితం హద్దులోనే వచ్చింది. కానీ ఈ కొలత అడగకుండానే నివేదికలో ఉండాలి. రజను రాలకుండా కట్టిన గుడ్డ కూడా సరిపోలేదు. క్రౌన్ రంధ్రపు అంచు చుట్టూ ఇరుక్కున్న చిప్స్‌ను మా మనుషులే అయస్కాంతంతో ఏరి తీశారు.

ధర మాట్లాడుకునేటప్పుడు కొత్త నట్ అందులో కలిసి ఉందో లేదో స్పష్టంగా రాయించుకోండి. మా కొటేషన్‌లో అది లేదు. వ్యాసం తగ్గాక పాత నట్ ఎలాగూ పనికిరాదు కాబట్టి, నట్‌కు కావలసిన ఉక్కును బృందం రాకముందే తెప్పించి, లోపలి మరను కాలమ్ కొలత తేలిన తరువాతే కోయించండి.