జాగ్రత్త: “ఒక్కో కేటగిరీకి ఒక్కో లేఅవుట్” అనే థీమ్‌కి డబ్బు కట్టేముందు

వర్డ్‌ప్రెస్ సైట్‌లో మిగతావన్నీ మామూలుగానే ఉంచి, ఒక్క ఫొటోల కేటగిరీని మాత్రం గ్రిడ్‌లో చూపించాలనుకునేవాళ్ళకి ఈ హెచ్చరిక. థీమ్ డెమోలో అది చక్కగా కనిపిస్తుంది. కొని, మన పోస్టులు ఎక్కించి, కేటగిరీ లింకు నొక్కితే మాత్రం పాత లిస్టే వస్తుంది. ఎందుకంటే డెమోలో చూసింది చాలాసార్లు కేటగిరీ ఆర్కైవే (ఆ కేటగిరీ పోస్టులన్నిటినీ వర్డ్‌ప్రెస్ తనంతట తానే చూపించే పేజీ) కాదు. ఒక మామూలు పేజీ తయారుచేసి, అందులో పోస్టుల గ్రిడ్ పెట్టి, మెనూ లింకు దానికి తగిలిస్తారు. పోస్టు కింద ఉండే కేటగిరీ లింకులు, గూగుల్ నుంచి వచ్చేవాళ్ళు చేరేది అసలు ఆర్కైవ్‌కి. అక్కడ ఏమీ మారి ఉండదు.

దీన్ని కొనకముందే పట్టుకోవచ్చు. డెమోలో మెనూ జోలికి పోకుండా ఏదైనా ఒక పోస్టు తెరవండి. అందులో కేటగిరీ పేరు మీద నొక్కండి. వచ్చిన పేజీలో రైట్ క్లిక్ చేసి పేజ్ సోర్స్ చూడండి. బాడీ ట్యాగ్ క్లాసుల్లో (‘<body’ అన్నచోట class తర్వాత ఉండే మాటల్లో) ‘ఆర్కైవ్’, ‘కేటగిరీ’ అన్న మాటలు ఉంటే అది నిజమైన ఆర్కైవ్, గ్రిడ్ అక్కడే కనిపించాలి. ‘పేజ్-ఐడీ’ అని ఒక నంబర్‌తో ఉంటే అది పైన చెప్పిన బాపతే.

ఆ తర్వాత చివరి పేజీకి వెళ్ళండి. రెండో పేజీ తెరుచుకుంది కదా అని ఆగిపోవద్దు, అసలు లోపం బయటపడేది చివర్లోనే. వర్డ్‌ప్రెస్ టెంప్లేట్‌ని (పేజీ రూపం చెప్పే ఫైల్‌ని) లోడ్ చేయకముందే మెయిన్ క్వెరీ (ఏ పోస్టులు చూపాలో డేటాబేస్‌ని అడగడం) నడిపేస్తుంది. పేజీకి ఎన్ని పోస్టులన్నది రీడింగ్ సెట్టింగ్స్ నుంచి తీసుకుంటుంది, అక్కడ మొదట ఉండేది 10. చవకగా రాసిన థీమ్ దాన్ని పక్కన పెట్టి, టెంప్లేట్ లోపల సొంత క్వెరీ రాసుకుని పేజీకి 6 చొప్పున చూపిస్తుంది. కేటగిరీలో 24 పోస్టులు ఉన్నాయనుకోండి. థీమ్ లెక్కలో 4 పేజీలు, వర్డ్‌ప్రెస్ లెక్కలో 3. నాలుగో పేజీ లింకు కనిపిస్తుంది, నొక్కితే 404 (పేజీ దొరకలేదు). చివరి 6 పోస్టులు ఆ ఆర్కైవ్ నుంచి ఎవరికీ అందవు. డెమోలో పోస్టులు తక్కువ ఉంటే ఇది కనిపించదు కూడా. అందుకే అమ్మేవాళ్ళని సూటిగా అడగండి: పోస్టుల సంఖ్యను ‘ప్రీ-గెట్-పోస్ట్స్’ హుక్‌లో (క్వెరీ నడవకముందే దాన్ని మార్చడానికి వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు) మారుస్తున్నారా, టెంప్లేట్‌లో కొత్త క్వెరీ రాస్తున్నారా? మొదటిదే సరైన పద్ధతి. అందులోనూ అడ్మిన్ స్క్రీన్ కాదని, మెయిన్ క్వెరీయే అని, ఫలానా కేటగిరీయే అని మూడు షరతులూ ఉండాలి. లేకపోతే ఆ మార్పు హోమ్‌పేజీకీ, డాష్‌బోర్డ్‌లోని పోస్టుల జాబితాకీ కూడా పాకుతుంది.

నిజానికి ఈ పనికి పెద్ద ప్యాకేజీ అక్కర్లేదు. క్లాసిక్ థీమ్‌లో (పీహెచ్‌పీ ఫైళ్ళతో నడిచే పాత తరహా థీమ్) వర్డ్‌ప్రెస్ ముందు ‘కేటగిరీ-స్లగ్’ (స్లగ్ అంటే లింకులో కనిపించే కేటగిరీ పేరు) పేరుతో పీహెచ్‌పీ ఫైల్ ఉందేమో చూస్తుంది. లేకపోతే ‘కేటగిరీ-ఐడీ’, తర్వాత ‘కేటగిరీ’, తర్వాత ‘ఆర్కైవ్’, చివరికి ‘ఇండెక్స్’. అంటే ఫొటోల కేటగిరీ స్లగ్‌తో ఒక్క ఫైల్ చైల్డ్ థీమ్‌లో (అసలు థీమ్‌కి మన మార్పులు విడిగా ఉంచుకునే చిన్న థీమ్) పెడితే చాలు. ఆ ఫైల్‌ని పేరెంట్ థీమ్‌లో పడేసి పని అయిందనిపించేవాళ్ళున్నారు. థీమ్ అప్‌డేట్ చేసిన రోజు అది తుడిచిపెట్టుకుపోతుంది, మళ్ళీ బిల్లు. డబ్బిచ్చే ముందు ఫైల్ ఏ ఫోల్డర్‌లో ఉందో చూపించమనండి. స్లగ్ మారిస్తే ఆ ఫైల్ పనిచేయదు. ఐడీతో పేరు పెడితే స్లగ్ మారినా ఫర్వాలేదు, కానీ సైట్‌ని ఎక్స్‌పోర్ట్-ఇంపోర్ట్ పద్ధతిలో తరలిస్తే ఐడీలు మారిపోవచ్చు. తెలుగు స్లగ్ పెట్టుకున్నవాళ్ళకి ఐడీయే నయం.

ఉపకేటగిరీల గురించి తప్పకుండా రాతపూర్వకంగా అడగండి. మాతృకేటగిరీకి చేసిన టెంప్లేట్ దాని కింది కేటగిరీలకి దానంతటదే వర్తించదు, దానికి ‘కేటగిరీ-టెంప్లేట్’ ఫిల్టర్‌తో విడిగా కోడ్ రాయాలి. “అన్నిటికీ వస్తుంది” అని నోటిమాటగా చెప్పి, తర్వాత అదనంగా అడగడం ఇక్కడే జరుగుతుంది. ఊకామర్స్ (ఆన్‌లైన్ షాపు ప్లగిన్) ఉత్పత్తుల కేటగిరీలదీ ఇదే గొడవ. అది వేరే ట్యాక్సానమీ (వర్గీకరణ), మామూలు కేటగిరీ ఫైల్ దానికి తగలదు.

మీది బ్లాక్ థీమ్ (పేజీల రూపాన్ని ఎడిటర్‌లోనే మార్చుకునే కొత్త తరహా థీమ్) అయితే అసలు కొనకండి. అప్పియరెన్స్‌లో ఎడిటర్, అందులో టెంప్లేట్స్, కొత్త టెంప్లేట్, కేటగిరీ ఆర్కైవ్స్, ఆపైన మీ కేటగిరీ. 2022 నవంబరులో వచ్చిన వర్డ్‌ప్రెస్ 6.1 వెర్షన్ నుంచి ఇది ఉచితంగానే ఉంది. ఒక్కటే మరవద్దు: క్వెరీ లూప్ బ్లాక్ (పోస్టుల జాబితా చూపించే భాగం) టెంప్లేట్ నుంచే క్వెరీ తీసుకునేలా ఉండాలి. కస్టమ్ అని పెడితే కేటగిరీతో సంబంధం లేకుండా అన్ని పోస్టులూ వచ్చి పడతాయి.

రెండు కాలమ్‌లు, ఫొటో సైజు, సైడ్‌బార్ తీసేయడం లాంటి చిన్న మార్పులైతే సీఎస్ఎస్ (పేజీ కనిపించే తీరు చెప్పే కోడ్) చాలు. చాలా థీమ్‌లలో బాడీ ట్యాగ్‌కి ‘కేటగిరీ-స్లగ్’ క్లాస్ వచ్చే ఉంటుంది. సెలెక్టర్‌లో (ఆ కోడ్ దేనికి వర్తించాలో చెప్పే మాట) ‘బాడీ’ అన్న మాట తప్పకుండా రాయాలి. అదే క్లాస్‌ని వర్డ్‌ప్రెస్ ఆ కేటగిరీలోని ప్రతి పోస్టుకీ తగిలిస్తుంది కాబట్టి, ‘బాడీ’ లేకపోతే హోమ్‌పేజీలో ఆ పోస్టులు మాత్రమే వంకరగా కనిపిస్తాయి.

ఇవన్నీ చూశాక కూడా ప్రీమియం ప్లగిన్నే కావాలనుకుంటే, రీఫండ్ గడువులోనే స్టేజింగ్ సైట్‌లో (పరీక్షకోసం పెట్టుకునే సైట్ నకలు) ఎక్కించండి. కేటగిరీలో పోస్టుల సంఖ్య రీడింగ్ సెట్టింగ్స్‌లోని సంఖ్యకి కనీసం రెండింతలు దాటేలా నింపి చివరి పేజీ నొక్కండి. తర్వాత ప్లగిన్‌ని డీయాక్టివేట్ చేసి అదే ఆర్కైవ్ మళ్ళీ తెరవండి. పాత లిస్టు తిరిగొస్తే సరే. బ్రాకెట్లలో షార్ట్‌కోడ్‌లు (ప్లగిన్ వాడే కోడ్ మాటలు) తేలినా, తెల్ల పేజీ వచ్చినా స్క్రీన్‌షాట్ తీసి ఆ రోజే రీఫండ్ అడగండి. లైసెన్స్ గడువు తీరితే ఆగేది అప్‌డేట్లేనా, లేఅవుట్ మార్చుకునే వీలు కూడా పోతుందా అన్నది కొనకముందే మెయిల్‌లో రాయించుకోండి.