మొఘల్ అంతఃపురంలో దాది కొలువు: ఒక సమీక్ష

పసిబిడ్డను సాకే సేవగా చూస్తే మొఘలుల దాది ఏర్పాటుకు వంక పెట్టడం కష్టం. చిక్కంతా బిడ్డ పాలు మరిచాకే.

ముందు ఎంపిక సంగతి. యునానీ హకీములకు పర్షియన్ వైద్యుడు ఇబ్న్ సీనా రాసిన వైద్యగ్రంథం ‘కానూన్’ ప్రమాణం. తల్లిపాలే మేలని చెప్పి, అవి కుదరనప్పుడు దాది ఎలా ఉండాలో ఆయన వివరంగా రాశాడు. వయసు 25 నుంచి 35 మధ్య, ఛాతీ వెడల్పు, స్వభావం నెమ్మది. కాన్పయి నెలన్నర, రెండు నెలలు గడిచి ఉండాలి. గోటి మీద పాలచుక్క వేసి చూడాలి. వెంటనే జారిపోతే పలచన, గోరు వంచినా కదలకపోతే మరీ చిక్కన, రెండూ పనికిరావు. పాలిచ్చినన్నాళ్ళూ ఆమె భర్తకు దూరంగా ఉండాలి, గర్భం వస్తే పాలు చెడతాయని. ఈ షరతు బరువు మోసేది దాదే. ఇంత కఠినమైన షరతుకు తగిన ప్రతిఫలం ఉండాల్సిందే, ఉండేది కూడా.

పాలిచ్చిన ఆమె ‘అనగ’, ఆమె భర్త ‘అతగా’, ఆమె కొడుకు ‘కోకా’. ఇస్లాంలో ఒక శాఖ అయిన హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం రెండేళ్ళలోపు బిడ్డకు ఒక్కసారి పాలు పట్టినా తల్లీబిడ్డల వరస కలుస్తుంది, పెళ్ళి నిషేధాలతో సహా. కొలువు మానుకున్నా వరస పోదు. అందుకే నమ్మకస్తుల ఇళ్ళనే వెతికేవారు. 1540లో కనౌజ్ దగ్గర ఓడి గంగలో చిక్కుకున్న హుమాయూన్‌ను ఒడ్డుకు చేర్చినవాడు శంసుద్దీన్. 1542లో అక్బర్ పుట్టినప్పుడు ఆయన భార్య జీజీ అనగకు ఈ గౌరవం దక్కింది.

అయితే ఒక్క బిడ్డకు పలువురు దాదులను పెట్టడం ఈ ఏర్పాటులో పెద్ద లోపం. ఎవరి పాలు ఎక్కువ తాగితే వారి ఇంటికి అంత పలుకుబడి. బిడ్డ తన పాలు తప్ప తాగకుండా జీజీ అనగ మంత్రం వేసిందని మరో దాది మాహం అనగ వర్గం నింద మోపినట్టు అక్బర్ ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ రాశాడు. ఉయ్యాల దగ్గర మొదలైన ఈ పోటీ కొడుకుల కాలానికి కత్తుల దాకా వచ్చింది. 1561లో శంసుద్దీన్ వకీల్ పదవికి, అంటే ప్రధానమంత్రి పదవికి, ఎక్కాడు. 1562 మేలో మాహం కొడుకు ఆధం ఖాన్ ఆగ్రా కోటలో అతన్ని చంపించాడు. అక్బర్ ఆధంను మేడ మీంచి తోయించాడు. ప్రాణం పోలేదని మళ్ళీ పైకి తెచ్చి తోయించాడు. నలభై రోజులు తిరిగేసరికి మాహం కూడా కన్నుమూసింది.

దిద్దుబాటు ఆలస్యంగా వచ్చింది. పంజాబులో జాగీర్లతో పాతుకుపోయిన శంసుద్దీన్ అతగా కుటుంబాన్ని 1568లో అక్కణ్ణుంచి కదిలించి వేర్వేరు చోట్లకు పంపారు. సేవకు బహుమతి ఇవ్వడం న్యాయమే, ఒకే ప్రాంతాన్ని ఒకే ఇంటికి కట్టబెట్టడం మాత్రం తప్పు.

ఇంత జరిగినా పాల వరస సడలలేదు. జీజీ అనగ పోయినప్పుడు అక్బర్ తలా మీసమూ తీయించుకుని పాడె మోశాడు. ఆమె కొడుకు అజీజ్ కోకా ఎదురు తిరిగినప్పుడల్లా, మా ఇద్దరి మధ్య పాల నది ఉంది, దాన్ని దాటలేను అనేవాడు అక్బర్. 1593లో అజీజ్ చెప్పకుండా మక్కా వెళ్ళిపోయాడు. తిరిగి రాగానే అక్బర్ అతన్ని క్షమించి, తర్వాత వకీల్‌ను చేశాడు.