ప్లీడరు మీద వినియోగదారుల కమిషన్‌లో కేసు వేద్దామనుకుంటున్నారా, ఆగండి

మూడేళ్లు తిరిగి ఉత్త చేతులతో వచ్చాను, అందుకే రాస్తున్నా. మా నాన్నగారి అరవై సెంట్ల పొలం దావా అది. ఎప్పుడు ఫోన్ చేసినా "వాయిదా పడిందండీ, మీరు రానక్కర్లేదు, నేను చూసుకుంటా" అనేవాడు ప్లీడరు. ఆయన జూనియరుదీ అదే పాట. 2020 చివర్లో ఏదో నకలు కావాల్సి కోర్టుకి వెళ్తే బెంచి క్లర్కు చెప్పాడు, మీ తరఫున ఎవరూ హాజరు కాలేదని నిరుడే కొట్టేశారు కదా అని. తెరిపించుకోవడానికి గడువు 30 రోజులట. ఆలస్యం మన్నించమని వేసిన పిటిషనూ పోయింది, అదే కారణం మీద మళ్లీ దావా వేసే దారీ లేదు.

ఫీజు తీసుకుని పని చెయ్యలేదు, ఇది సేవాలోపం కాకపోతే ఇంకేంటి అని 2021లో జిల్లా కమిషన్‌కి వెళ్లా. లాయర్లూ వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తారని జాతీయ కమిషన్ 2007లోనే చెప్పింది మరి. దాని మీద సుప్రీంకోర్టులో అప్పీలు నడుస్తోందని మాత్రం నాకెవరూ చెప్పలేదు. 2024 మే 14న జస్టిస్ బేలా త్రివేది, జస్టిస్ పంకజ్ మిత్తల్ లాయర్లు ఆ చట్టం కిందికి రారని తీర్పిచ్చారు, దాంతో నా కేసూ పోయింది. లాయరు క్లయింటు అదుపులో పనిచేస్తాడు కాబట్టి అది వ్యక్తిగత సేవ, ఆ చట్టానికి బయట అట. నా ప్లీడరు నా అదుపులో! నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

మిగిలింది సివిల్ కోర్టు. నిర్లక్ష్యానికి నష్టపరిహారం అక్కడ అడగొచ్చు, కానీ మామూలుగా గడువు మూడేళ్లే. నాలా వేరే చోట నిజాయితీగా తిరిగిన కాలాన్ని లెక్కలోంచి తీసెయ్యమని లిమిటేషన్ చట్టం సెక్షన్ 14 కింద అడుక్కోవాలి, ఇస్తారో లేదో అదో టెన్షన్. అడ్వొకేట్స్ చట్టం సెక్షన్ 35 కింద బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చు, వాళ్లు సస్పెండ్ చేసినా మీ చేతికి రూపాయి రాదు.

కేసు నడుస్తున్నవాళ్లు ఇవాళే మీ సీఎన్ఆర్ నంబరు, అంటే కేసు గుర్తింపు నంబరు, అడిగి తీసుకోండి, 16 అక్షరాలూ అంకెలూ ఉంటాయి, ఈకోర్ట్స్ యాప్‌లో కొడితే వాయిదా తేదీ, ఆ రోజు ఏం జరిగిందీ కనిపిస్తుంది. నేను రెండు నిమిషాలు అది చూసుకుని ఉంటే పొలం కేసు బతికేది. ఫీజు బాకీ ఉందని కాగితాలు ఇవ్వనంటే ఊరుకోకండి, అలా పట్టి ఉంచే హక్కు లాయరుకి లేదని 2000లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

ఇప్పుడు సివిల్ దావాకి కొత్త ప్లీడర్ని వెతుకుతున్నా. ఇప్పటికి ఇద్దరు ఫైలు తిప్పి, ప్రతివాది పేరు చూసి, "మా బారేనండీ ఆయన" అంటూ తిరిగి ఇచ్చేశారు.