హీటర్ పైపు లీకైతే బైపాస్ చేయించకండి, ముందు ఆటోనగర్‌లోని ఈ రేడియేటర్ షాపులో చూపించండి

నాది 2014 మోడల్ డీజిల్ పికప్. వేసవిలో నూజివీడు మామిడి తోలతాను, చలికాలం వస్తే పాడేరు నుంచి అల్లం, పసుపు, మిరియాలు తెస్తాను. ఏసీ లేని బండి, హీటర్ మాత్రం ఉంది. విజయవాడ ఎండల్లో హీటర్ వేసే పని ఎవరికి పడుతుంది చెప్పండి, అందుకే మన వైపు చాలామంది డ్రైవర్లకి ఇంజిన్ వెనక నుంచి క్యాబిన్ లోపలికి హీటర్ కోసం వేడినీళ్ళు తిప్పే రెండు పైపులు వెళ్తున్నాయనే సంగతే గుర్తుండదు. రేడియేటర్ పైపులు చూస్తారు, బెల్టు చూస్తారు, వీటిని మాత్రం ఎవరూ చూడరు.

పోయిన డిసెంబరులో ఉల్లిపాయల లోడుతో మాడుగుల దాటి పాడేరు ఘాట్ ఎక్కుతున్నాను. తెల్లవారుజాము, మంచు దట్టంగా ఉంది, అద్దం లోపలివైపు ఆవిరి పట్టేస్తోంది. హీటర్ వేసి గాలి అద్దం మీదికి తిప్పాను. రెండు మలుపులు తిరిగేసరికి క్యాబిన్‌లో తియ్యటి వాసన, బెల్లం పాకం అడుగంటినట్టు. అది కూలెంట్ వాసన, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ళలో కలిపే మందుది, ఒకసారి పీలిస్తే ఇక మర్చిపోరు. ఇంకాస్త పైకి వెళ్ళాక చూస్తే టెంపరేచర్ గేజ్ ముల్లు రోజూ ఉండే చోటు దాటి పైకి లేస్తోంది. వెంటనే పక్కకి తీసి ఆపేశాను. లోడు బండి, ఘాట్ రోడ్డు, ఫోన్ సిగ్నల్ లేదు, ఆ టెన్షన్ పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

బానెట్ ఎత్తి చూస్తే బండి కింద చుక్క తడి లేదు. చాలామంది మోసపోయేది ఇక్కడే. హీటర్ పైపు నుంచి కారేది చాలాసార్లు నేల మీద పడదు, కింద వేడిగా ఉన్న ఇంజిన్ మీదో సైలెన్సర్ పైపు మీదో పడి అక్కడికక్కడే ఆవిరైపోతుంది. మడుగు కట్టదు కాబట్టి లీకు లేదనుకుంటాం, కూలెంట్ ట్యాంకులో మాత్రం రోజూ కాస్త కాస్త తగ్గుతూనే ఉంటుంది. టార్చి వేసి వెతికితే క్యాబిన్ గోడ దగ్గర, పైపు క్లిప్పు చుట్టూ, పచ్చగా తెల్లగా ఉప్పు పేరుకున్నట్టు పొర కనిపించింది. గంటసేపు చల్లారనిచ్చి, క్లిప్పు బిగించి, క్యాన్‌లో ఉన్న మంచినీళ్ళే పోసి, మెల్లగా పైకి చేరాను. మూత మాత్రం చల్లారకుండా తియ్యలేదు, వేడి మీద తీస్తే లోపలి నీళ్ళు మొహం మీదికి ఎగజిమ్ముతాయి.

ఇంటికొచ్చాక మా ఏరియాలో నేనెప్పుడూ చూపించే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఒక్క చూపు చూసి, "మనకి హీటర్ ఎందుకన్నా, రెండు పైపులూ పీకేసి బైపాస్ చేసేద్దాం, రెండొందలు ఇవ్వు" అన్నాడు. ఇది మన దగ్గర మామూలే. ఇంజిన్ మీదున్న రెండు నిపుళ్ళనీ, అంటే పైపు ఎక్కించే లోహపు గొట్టాల్ని, ఒకే పైపు ముక్కతో కలిపేస్తే హీటర్‌కి నీళ్ళు వెళ్ళవు, లీకూ ఉండదు. ఊళ్ళో తిరిగే బండికైతే గడిచిపోతుందేమో. ఘాట్‌లో మంచులో అద్దం కనపడకపోతే నేనేం చెయ్యను? గుడ్డతో తుడుచుకుంటూ ఆ మలుపుల్లో లోడు బండి నడపాలా? నేను ఒప్పుకోలేదు. తెలిసిన లారీ ఓనరు ఒకాయన చెప్తే విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఉన్న ఈ రేడియేటర్ షాపుకి వచ్చాను.

షాపంటే పెద్దదేం కాదు, ఒక రేకుల షెడ్డు, ముందు రెండు బండ్లు పట్టేంత జాగా. నడిపే పెద్దాయనకి అరవై దాటి ఉంటాయి, ఒక కుర్రాడు సాయం. వెళ్ళగానే నాకు నచ్చిన విషయం ఏంటంటే పైపు మీద చెయ్యి కూడా వెయ్యలేదు. "అబ్బాయ్, ఇంజిన్ వేడిగా ఉంది, టీ తాగిరా" అన్నాడు. గంట తర్వాత రేడియేటర్ మూత తీసి ముందు ఆ మూతనే చూశాడు. దాని మీద 1.1 అని ఉంటుంది, అది ఎంత ప్రెషర్ దాకా ఆపుతుందో చెప్పే అంకె. లోపలి రబ్బరు వాషర్ గోటితో నొక్కి, బాగానే ఉందని పక్కన పెట్టాడు. తర్వాత మూత స్థానంలో చేతి పంపు బిగించాడు, దానికో గేజ్ ఉంది. నాలుగు పోట్లు కొట్టి ముల్లు 1 దగ్గరికి తెచ్చి, చేతులు కట్టుకుని ఊరికే నిలబడ్డాడు. నాకు అర్థం కాలేదు. రెండు నిమిషాల్లో ముల్లు మెల్లగా దిగడం మొదలైంది. అప్పుడు టార్చి నా చేతికిచ్చి "నువ్వే చూడు" అన్నాడు.

నేను బిగించిన క్లిప్పు కింద తడి ఉంటుందని నాకు తెలుసు. అది కాదు, రెండో పైపు, నేను బాగుందనుకున్నది, దాని వంపు దగ్గర సూదిమొనంత చోటు నుంచి నీటి బొట్టు పుట్టి, కాస్త పెరిగి, జారింది. మళ్ళీ ఇంకోటి. ఒక్క పైపే మార్చుకుని వెళ్ళిపోయి ఉంటే నెల తిరక్కుండా మళ్ళీ ఘాట్‌లో ఆగేవాణ్ణి. ఈ ఒక్క పరీక్ష కోసమైనా ఈ షాపుకి వెళ్ళొచ్చని నేను గట్టిగా చెప్తాను. లీకు కంటికి కనిపించిన చోట క్లిప్పు బిగించి పంపేసేవాళ్ళే ఎక్కువ.

పైపు తీయడంలో కూడా తొందరపడలేదు. పదేళ్ళుగా వేడికి అతుక్కుపోయిన రబ్బరు అది, పట్టుకుని మెలిపెట్టి లాగితే లోపలున్న సన్నటి నిపుల్ వంగిపోతుంది. నిపుల్ పోతే హీటర్ కోర్, అంటే హీటర్ లోపలుండే చిన్న రేడియేటర్, పోయినట్టే, కోర్ మార్చాలంటే చాలా బండ్లలో డ్యాష్‌బోర్డు విప్పాలి. చిన్న పని కాస్తా పెద్ద ఖర్చవుతుంది. ఆయన బ్లేడుతో పైపు చివర పొడవునా గాటు పెట్టి, అరటి తొక్క ఒలిచినట్టు రెండు వైపులకీ విప్పి తీశాడు. లోపల నిపుల్ మీద పేరుకున్న పొరని సన్న గరుకు కాగితంతో రుద్ది, వేలితో చుట్టూ తడిమి చూశాడు.

తీసిన పైపుని పొడవునా కోసి చూపించాడు. పైకి నల్లగా నిగనిగలాడుతోంది, పగులు లేదు. లోపల చివరలకి దగ్గరగా నిలువు గీతలు, ఎండిన చెరువు మట్టిలో నెర్రెల్లా. కూలెంట్ సరిగ్గా లేకపోతే లోహానికీ నీళ్ళకీ మధ్య పుట్టే సన్నటి కరెంటు రబ్బరుని లోపల నుంచే తినేస్తుందట, అందుకే పగుళ్ళు ఎక్కువగా క్లిప్పుల దగ్గరే మొదలవుతాయి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పైపు మధ్యలో ఒకసారి, చివర దగ్గర ఒకసారి వేళ్ళతో నొక్కి చూడమన్నాడు. చివర మెత్తగా, లోపల ఏదో చీలినట్టు అనిపిస్తే ఆ పైపు పని అయిపోయినట్టే. డీజిలో ఇంజిన్ ఆయిలో పడి ఉబ్బిన పైపు కూడా అంతే. ఆ కోసిన ముక్క అడిగి తెచ్చుకుని బండిలో పెట్టుకున్నాను, తోటి డ్రైవర్లకి చూపిస్తున్నా.

కొత్త పైపు విషయంలో ఆయన నిజాయితీ చూడండి. షాపులో మీటరు లెక్కన కోసిచ్చే 16 ఎంఎం పైపు చుట్ట ఉంది. రెండూ దాంతోనే వేసేసి డబ్బు తీసుకోవచ్చు, నాకు తేడా తెలిసేది కాదు. తిన్నగా ఉన్న పైపుకి మాత్రమే అది వేశాడు. వంపు ఉన్నదానికి వద్దన్నాడు, తిన్నటి పైపుని అంత చిన్న వంపులో వంచితే మధ్యలో మడత పడి నీళ్ళు వెళ్ళే దారి మూసుకుంటుందట. కుర్రాణ్ణి పక్క వీధి స్పేర్స్ షాపుకి పంపి వంపుతో సహా తయారై వచ్చే పైపు తెప్పించాడు. ఎక్కించేటప్పుడు గ్రీజు రాయలేదు, కూలెంట్‌తోనే తడిపి ఎక్కించాడు, గ్రీజు ఆ రబ్బరుకి పడదు. క్లిప్పుని నిపుల్ మీదున్న గట్టు దాటించి బిగించాడు, మరీ పిండేసినట్టు కాదు. నేను ఘాట్‌లో బిగించిన క్లిప్పు రబ్బరులోకి దిగబడి కోసుకుపోయింది, అది కూడా చూపించాడు.

పాత నీళ్ళు కాలవలోకి వదలకుండా టబ్బులో పట్టి మూత పెట్టాడు. కూలెంట్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం. చిన్నపిల్లలకీ అంతే. ఆటోనగర్‌లో ఆ పని చేసేవాళ్ళని నేను ఎక్కువమందిని చూడలేదు, అందుకే చెప్తున్నాను.

నింపేటప్పుడు హీటర్ నాబ్‌ని పూర్తిగా వేడి వైపుకి తిప్పించాడు. లేకపోతే కొన్ని బండ్లలో హీటర్‌కి నీళ్ళు వదిలే వాల్వు మూసుకుని ఉంటుంది, కొత్త పైపుల్లో గాలి ఉండిపోతుంది. మూత తీసి ఉంచి ఇంజిన్ ఐడిల్‌లో నడిపి, బుడగలు రావడం ఆగేదాకా, రేడియేటర్ పై పైపు వేడెక్కేదాకా, బ్లోయర్‌లోంచి వేడిగాలి వచ్చేదాకా ఆగాడు. దాదాపు అరగంట. తర్వాత ఇంజిన్ చల్లారాక మళ్ళీ పంపు పెట్టి కొట్టాడు. ఈసారి పావుగంటైనా ముల్లు కదల్లేదు.

బిల్లు: వంపు పైపు 460, చుట్టలోంచి కోసిన మీటరు పైపు 180, క్లిప్పులు నాలుగు ఒక్కోటి 45 లెక్కన 180, కూలెంట్ 3 లీటర్లు 960, డిస్టిల్డ్ వాటర్ డబ్బా 100, కూలీ 500. మొత్తం 2,380 రూపాయలు. బైపాస్ రెండొందలకి అయిపోయేదిగా అని మా తమ్ముడు అన్నాడు. కూలెంట్‌కే అంతెందుకని నేను కూడా అడిగాను. మన బోరునీళ్ళు పోస్తే లోపల సున్నం గార కట్టి హీటర్ కోర్, రేడియేటర్ రెండూ మూసుకుపోతాయి, సగం కూలెంట్ సగం డిస్టిల్డ్ వాటర్ పోస్తేనే కొత్త పైపులు నిలుస్తాయన్నాడు. బైపాస్ గురించి అడిగితే కూడా భయపెట్టలేదు. "నీ బండికి లూప్ చేస్తే ఇంజిన్‌కి ఏం కాదు, హీటర్ ఉండదంతే. కాకపోతే నిపుళ్ళకి బిరడా కొట్టి మూసేస్తే ఒప్పుకోకు, కొన్ని ఇంజిన్లలో వేడెక్కి థర్మోస్టాట్ వాల్వు తెరుచుకునేదాకా నీళ్ళు తిరిగే దారి అదే" అన్నాడు. వ్యాపారం కోసం అబద్ధం చెప్పని మనిషి దొరకడం నాకు చాలా విలువైన విషయం.

బాగోలేనివి కూడా ఉన్నాయి. పని చాలా నిదానం, పొద్దున తొమ్మిదిన్నరకి వెళ్తే బండి చేతికొచ్చేసరికి మూడు దాటింది, ఆ రోజు కిరాయి పోయింది. కూర్చోవడానికి ఒక స్టూలు తప్ప ఏమీ లేదు, నీడ కూడా తక్కువ. ఫోన్ చేస్తే ఎత్తరు. బిల్లు చిత్తు కాగితం మీద రాసిచ్చారు, కంపెనీ పేరు మీద బిల్లు కావాల్సినవాళ్ళు ముందే మాట్లాడుకోండి. ప్రెషర్ పరీక్ష చేసే పంపు ఒక్కటే, ఇంకో బండి దాని మీద ఉంటే మీరు ఆగాల్సిందే. ఇవన్నీ సరిచేసుకుంటే బాగుంటుంది, ముఖ్యంగా ఫోన్.

రెండు మూడు రోజులు నడిపాక పొద్దున చల్లటి ఇంజిన్ మీద క్లిప్పులు ఒకసారి చూసుకోమన్నాడు, కొత్త రబ్బరు కాస్త సర్దుకుంటుందట. చూస్తే ఒక క్లిప్పు దగ్గర చిన్న చెమ్మ ఉంది, షాపుకి తీసుకెళ్తే అర మలుపు బిగించి డబ్బులు తీసుకోలేదు. ఆ తర్వాత పాడేరుకి నాలుగు ట్రిప్పులు వేశాను, ట్యాంకులో గీత కదల్లేదు, తియ్యటి వాసన లేదు, ఘాట్‌లో అద్దం శుభ్రంగా ఉంది.

వెళ్ళేవాళ్ళు ఆదివారం కాకుండా మామూలు రోజు చూసుకుని పొద్దున్నే వెళ్ళండి. వీలైతే బండి ముందు రోజు రాత్రే అక్కడ పెట్టి రండి, ఇంజిన్ చల్లగా ఉంటే ఆయన చెయ్యి వేయడానికి గంట ఆగక్కర్లేదు.