పెరుగన్నంలో మందు కలపనన్న సిస్టర్

కోనసీమలోని మా ఊరి నుంచి మా తమ్ముణ్ణి కాకినాడలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి మానసిక వైద్య వార్డులో చేర్చి, 11 రోజులు నేనూ అమ్మా అక్కడే ఉన్నాం. గదులు, క్యాంటీను మధ్యరకంగా ఉన్నాయి. నేను రాయదలచుకున్నది నర్సుల నడవడిక గురించి.

తమ్ముడికి స్కిజోఫ్రీనియా, అంటే లేని మాటలు వినిపించి, లేనిపోని అనుమానాలు పుట్టే మానసిక జబ్బు. మాత్ర వేసుకోనని మొండికేస్తే, తెలిసినవాళ్ల మాట విని, ఆ జబ్బుకిచ్చే రిస్పెరిడోన్ అనే చుక్కల మందును మూడు వారాలు మజ్జిగలో కలిపి ఇచ్చాం. ఒకరోజు అమ్మ చేతిలో సీసా చూశాడు. ఆనాటి నుంచి తన చేత్తో కొట్టుకున్న బోండం నీళ్లు, విప్పని బిస్కెట్ ప్యాకెట్లు తప్ప ఇంట్లో ఏదీ ముట్టలేదు. తనకెవరో విషం పెడుతున్నారన్న అనుమానం అతని జబ్బులో మొదటి నుంచీ ఉంది. దానికి సాక్ష్యం మేమే చేతికిచ్చాం.

చేరిన రెండో రాత్రి అమ్మ పెరుగన్నం కలిపి, అందులో మందు వేయమని సిస్టర్‌ను బతిమాలింది. ఆవిడ కసురుకోలేదు. అమ్మను వరండాలో కూర్చోబెట్టి, "రేపు ఇందులో ఏం కలిపారని ఆయన అడిగితే నేను అబద్ధమాడాలమ్మా. అది తెలిసిననాడు నా చేతి మంచినీళ్లు కూడా తాగరు" అన్నారు. తర్వాత తమ్ముడి దగ్గరకు వెళ్లి, మాత్రల పట్టీ చేతికిచ్చి, పేరు చదువుకోనిచ్చి, అది చెవిలో వినిపించే మాటలు తగ్గడానికని చెప్పారు. మగతగా ఉండవచ్చని, చేతులు వణికితే వెంటనే చెప్పమని కూడా దాచకుండా చెప్పారు. వద్దన్నాడు. ఆ మాట ఫైలులో రాసి, డాక్టరుగారికి ఫోన్ చేసి, గంట తర్వాత మళ్లీ వచ్చారు. మూడోసారి, రాత్రి పది దాటాక, పట్టీని తానే చింపి, కుళాయి నీళ్లు తానే పట్టుకుని వేసుకున్నాడు.

నాలుగో రాత్రి తలను గోడకేసి కొట్టుకుంటుంటే చేతులకు గుడ్డ పట్టీలు కట్టక తప్పలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి వేరే దారి లేనప్పుడే, మానసిక వైద్యుడి అనుమతితో కట్టాలి; శిక్షగా గానీ, సిబ్బంది చాలడం లేదని గానీ కట్టకూడదు. ఇక్కడ అనుమతి తీసుకున్నారు, కారణం రాశారు, నాకు అప్పుడే చెప్పారు. ఒక సిస్టర్ మంచం పక్కనే కూర్చుని, వేళ్లు చల్లబడుతున్నాయేమో తాకి చూస్తూ, అతని పేరు పెట్టి మెల్లగా మాట్లాడుతూనే ఉన్నారు. నలభై నిమిషాల్లో విప్పేశారు. కట్టడం చూసి ఏడ్చిన అమ్మ, ఆ వేళ్లను పట్టుకున్న తీరు చూసి కుదుటపడింది.

అంత జాగ్రత్త తెలిసిన చోటే ఒక తప్పు జరుగుతోంది. డిశ్చార్జి నాడు మందుల కౌంటరులో పేరు, ఊరు, జబ్బు బిగ్గరగా చదివారు. వరుసలో మా పక్క ఊరివాళ్లున్నారు. తమ్ముడు తల దించేసుకున్నాడు. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలని అదే చట్టం చెబుతోంది, పైగా వరుసకు టోకెన్ నంబరు పెట్టడానికి ఖర్చేమీ కాదు. ఫిర్యాదు రాసిచ్చాను. నెల తర్వాత చూపించుకోవడానికి వెళ్తే ఇంకా అలాగే చదువుతున్నారు. ఈసారి తమ్ముణ్ణి బయట వేపచెట్టు కింద కూర్చోబెట్టి, మందులు నేనే తెచ్చాను.